ఇదే పొలం అన్నాను

కిందటి చలికాలంలో మా పొలం కౌలుకు చేస్తున్న కుటుంబానికి రావలసిన పంట నష్టపరిహారం నా మూలంగా ఆగిపోయింది. నేను చేసింది పెద్ద పనేమీ కాదు. గట్టు మీద నిలబడి ఒక మాట అన్నాను. ఆ మాట తప్పు. ఆ డబ్బు రాకపోతే సేద్యం మానేసి రేపల్లె అవతల చేపల చెరువుల మీద కాపలా పనికి పోవాలని ఆ కౌలుదారు అనుకున్నాడు. జరిగిన వరసలోనే చెబుతాను.

పొలం మా అక్కది. అమృతలూరు దాటి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊళ్ళో ఎకరం ఇరవై సెంట్లు. అక్క ఆ ఊరి బడిలో చాలాకాలం టీచరుగా పనిచేసింది. మా నాన్న, చిన్నాన్న జీవితమంతా ఆ చుట్టుపక్కల ఇతరుల చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. జీతం చేతికి వచ్చిన మొదటి నెల నుంచీ అక్కకు అక్కడే పొలం కొనాలని ఉండేది. కొన్నది. నాకు అలాంటి కోరిక లేదు. నేను బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. వ్యవసాయం మీద పుస్తకాలు వందలకొద్దీ నా చేతుల మీదుగా బీరువాల్లోకి వెళ్ళాయి. కొన్ని చదివాను కూడా. వరికి వచ్చే తెగుళ్ళ పేర్లు ఆపకుండా చెప్పగలను. ఆకు మీద చూసి ఒక్కదాన్నీ గుర్తుపట్టలేను.

మేమిద్దరమూ పెళ్ళి చేసుకోలేదు. తెనాలిలో ఒకే ఇంట్లో ఉన్నాం. ఇంటి పనులు వాటంతటవే రెండు భాగాలయ్యాయి. బ్యాంకు, కరెంటు బిల్లు, మందులు, పేపరు నావి. వంట, చర్చి, చుట్టాలు, పొలం అక్కవి. అక్క పోయి రెండేళ్ళు కావస్తోంది. వంట నేర్చుకున్నాను. ఆదివారం ఆరాధనకు వెళుతున్నాను. చుట్టాలు వాళ్ళే పలకరిస్తున్నారు. పొలం సంగతి మాత్రం మొదటి ఏడాది ముట్టుకోలేదు. కాగితాలు అక్క ముందే నా పేరున రాయించింది. జిల్లాలు విడదీసినప్పుడు మేము గుంటూరు వైపు, పొలం బాపట్ల వైపు పడ్డాం కాబట్టి ఒకరోజు రేపల్లె దాకా వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చాను. పాస్‌బుక్కులో నా పేరు, ఫొటో వచ్చాయి. పొలం నాదైంది. అది ఎక్కడుందో నాకు సరిగ్గా తెలియదు. కొన్న కొత్తలో ఒకసారి, తర్వాత మరోసారి అక్క వెంట వెళ్ళాను. రెండుసార్లూ గొడుగు కింద నిలబడి, ఎప్పుడు ఇంటికి వెళదామా అని చూశాను.

మనిషి పోతే ఇల్లు బోసిపోతుందని అందరూ చెప్పారు. అది నిజమే, అయితే దానికి ముందే సిద్ధపడి ఉన్నాను. సిద్ధపడనిది ఇంకొకటి. అక్కకు తెలిసిన విషయాల్లో చాలావాటిని నేను అడిగి తెలుసుకోలేదు. తెలుసుకోవలసిన అవసరం ఉంటుందని తోచలేదు. అవి ఆమెతో పోయాయి. వాటిలో పొలం గట్లు కూడా ఉన్నాయి.

కౌలు చేసే అతనికి యాభై దాటాయి. పద్నాలుగేళ్ళుగా ఆ పొలం అతనే చేస్తున్నాడు. మాట తక్కువ. ఇద్దరి మాటా అతని భార్యే మాట్లాడుతుంది. వాళ్ళకూ మాకూ మధ్య కాగితం ఏదీ లేదు. ఆ ఊళ్ళో ఎవరికీ ఉండదు. ఎండాకాలంలో ఒకరోజు అతను తెనాలి వచ్చి, మా వసారాలో కూర్చుని, మజ్జిగ తాగి, "ఈ ఏడు కూడా చేసుకుంటానండి" అనేవాడు. "చేసుకో" అని అక్క అనేది. మక్తా, అంటే మాకిచ్చే కౌలు ధాన్యం, మొత్తం పొలానికి ఇరవై బస్తాలు. అంతటితో కౌలు కుదిరినట్టే. ప్రభుత్వం రైతుకిచ్చే పెట్టుబడి సాయం పాస్‌బుక్కులో పేరున్నవాళ్ళ ఖాతాలో పడుతుంది. మా ఇంట్లో అది అక్క ఖాతాలో పడేది. ఆమె అందులో కొంత మక్తాలో తగ్గించేది. గాలివానకు పంట పోయి పరిహారం వచ్చిన ఏడు మాత్రం ఆ డబ్బు మొత్తం అతనికి ఇచ్చింది. అలా ఇవ్వనివాళ్ళు చాలామంది ఉంటారని తర్వాత తెలిసింది.

ఈ చెల్లింపులన్నిటికీ ఆధారం పంట నమోదు. ఊడ్పులయ్యాక వ్యవసాయ సహాయకులు చేను దగ్గరకు వచ్చి, ఫోనులో సర్వే నంబరు తెరిచి, రైతును చేలో నిలబెట్టి ఫొటో తీస్తారు. ఫొటోతో పాటు అది తీసిన చోటు కూడా నమోదవుతుంది. తర్వాత ధాన్యం అమ్మాలన్నా, పంట పోతే పరిహారం రావాలన్నా ఆ నమోదునే చూస్తారు. మా వైపు ఆ ఫొటోకు ఒక పద్ధతి ఉంది. అందులో పొలం గలవాళ్ళే ఉండాలి, సేద్యం చేసేవాడు పడకూడదు. చట్టం పెట్టిన నియమం కాదు. ఫొటోలో కౌలుదారు పడితే రేపు పొలం నాదంటాడని యజమానుల భయం. అందుకని ఆ నాలుగు రోజులూ తెనాలి నుంచీ గుంటూరు నుంచీ జనం ఇస్త్రీ బట్టల్లో దిగుతారు. చెప్పులు చేత్తో పట్టుకుని గట్ల మీద నిలబడతారు. నారు వేసి నీరు పెట్టిన మనిషి ఫోను వెనకాల నిలబడి, "ఇంకాస్త ఇవతలికి రండి, అక్కడ జారుద్ది" అని చెబుతుంటాడు. అక్క కూడా ఏటా అలాగే నిలబడి వచ్చేది. అది తప్పని ఆమెకు అనిపించినట్టు నాకెప్పుడూ చెప్పలేదు.

అక్క పోయిన మొదటి ఏడు నమోదు సంగతే ఎవరూ ఎత్తలేదు. రెండో ఏడు కౌలుదారు ఫోన్ చేశాడు. "అమ్మా, రేపొచ్చి ఫొటో దిగిపోవాలంటండి. నేను రేపల్లె ఆసుపత్రిలో ఉన్నాను, మా అమ్మాయికి కాన్పు. మా ఇంటిది కూడా ఇక్కడే. అక్కడ సహాయకురాలు ఉంటదండి, ఆ అమ్మాయికి నంబరు తెలుసు."

మర్నాడు తెనాలి నుంచి ఆటోలో వెళ్ళాను. సహాయకురాలు పాతికేళ్ళ అమ్మాయి. ఆ ఊరికి బదిలీ మీద వచ్చి పది రోజులైందని చెప్పింది. ఇద్దరం కాలవ గట్టు దిగి, చేలకు నీళ్ళు పారే బోదె వెంట నడిచాం. ఒకచోట ఆగి ఆమె ఫోను అటూ ఇటూ తిప్పింది. మేమున్న చోటును చూపించే నీలం చుక్క, రెండు చేల మధ్య గీత మీద ఊగుతోంది.

"సిగ్నల్ సరిగ్గా లేదు మేడం. మీ చేను ఈ పక్కనే ఎక్కడో చూపిస్తోంది. ఇదేనా?"

నాకు గుర్తున్నవి గట్టు మీద రెండు తాటిచెట్లు. ఎదురుగా ఒక గట్టు మీద రెండు తాటిచెట్లు ఉన్నాయి. వాటి పక్క చేను ఏపుగా, ఒకే ఎత్తున ఉంది. అక్క పొలం అలాగే ఉంటుందని నేను అనుకున్నాను.

"ఇదే" అన్నాను.

"ఖాయమేనా మేడం? కౌలాయనకి ఒకసారి ఫోన్ చేద్దామా?"

"ఆయన ఆసుపత్రిలో ఉన్నారమ్మా. ఎందుకు ఇబ్బంది పెట్టడం. ఇదే."

ఇబ్బంది పెట్టకూడదన్నది ఒక కారణం. అసలు కారణం సిగ్గు. చదువుకున్న మనిషిని, పాస్‌బుక్కులో పేరున్న మనిషిని, నా పొలం ఏదో నాకు తెలియదని ఆ అమ్మాయికి చెప్పలేకపోయాను. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఫొటో తీసింది. నా వేలిముద్ర తీసుకుంది. ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను.

ఆ ఏడు గాలివాన కోతల ముందు వచ్చింది. మూడు రోజులు వాన ఆగలేదు. తెనాలిలో మా వీధిలోకి కూడా నీళ్ళు వచ్చాయి. పొలం గురించి ఆలోచించాను గాని ఫోన్ చేయలేదు, చేసి ఏం అడగాలో తెలియక. వాన వెలిసిన రెండు వారాలకు, ఆదివారం ఆరాధన నుంచి వచ్చి తాళం తీస్తుండగా కౌలుదారు భార్య ఫోన్ చేసింది.

"అమ్మా, రైతు కేంద్రం గోడకి లిస్టు అంటించారండి. మన పేరు లేదు. అడిగితే ఏవన్నారో తెలుసా? ఆ నంబర్లో కోత అయిపోయింది, నష్టం లేదని రాసుందంట. కోత ఎక్కడయిందమ్మా? వరి మొత్తం నీళ్ళల్లో పడుకుని మొలకలొచ్చేసింది. వరిలో చల్లిన మినుము కూడా కుళ్ళిపోయింది. మీరేమన్నా కోసుకుపోయారా మాకు తెలియకుండా?"

చివరి మాట వేళాకోళంగానే అన్నది. ఆ వెంటనే, "ఈ డబ్బులు రాకపోతే ఈయన చెరువుల మీదకి పోతానంటన్నాడమ్మా. కాపలా అంట. నెల జీతమంట. పోతే ఇంక రాడు" అన్నది.

మరునాడు వెళ్ళాను. ఆమె నన్ను బోదె వెంట నడిపించింది. తాటిచెట్ల దగ్గర నేను ఆగాను. ఆమె ఆగలేదు. ఇంకో గట్టు దాటి, ఒక మొద్దు పక్కన నిలబడి, "రండమ్మా, ఇది" అన్నది. ఒకప్పుడు అక్కడ కూడా తాటిచెట్లు ఉండేవట. కొట్టేసి నాలుగేళ్ళయిందట. పొలంలో వరి నల్లబడి, నీటి మీద చాపలా పరుచుకుని ఉంది. వెనక్కి తిరిగి చూశాను. నేను ఫొటో దిగిన చేలో కోసిన వరి మోళ్ళు మాత్రమే ఉన్నాయి. అది తొందరగా పండే రకం. గాలివానకు నాలుగు రోజుల ముందు మిషను పెట్టి కోయించుకున్నారు. నష్టం లెక్కకు వచ్చినవాళ్ళు నా ఫొటో ఉన్న చోటుకు వెళ్ళి, కోసిన చేను చూసి, నష్టం లేదని రాశారు. వాళ్ళు చూసింది చూసినట్టే రాశారు.

ఫొటో ఆ చేలో దిగానని ఆమెకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను.

"మీ పొలం మీకు తెలవదా అమ్మా?" అన్నది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"తెలియదు."

ఈలోగా ఆ కోసిన చేను రైతు గట్టు మీదకు వచ్చాడు. మా మాటలు అతని చెవిన పడినట్టున్నాయి.

"ఏంటండీ, నా చేను మీ పేరున రాయించుకున్నారంట! ముందే ఒక మాట చెబితే చీరా రవికా పెట్టి మర్యాదగా అప్పగించేవాణ్ణి గదండీ."

"నీ చేను ఎవరిక్కావాలి బావా. ఎలకలు కూడా అద్దెకుండవు అందులో" అన్నది కౌలుదారు భార్య.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను వెళ్ళిన తర్వాత నేను అడిగాను, ఇన్నేళ్ళలో కౌలు కార్డు ఎందుకు తీసుకోలేదని. అది ఉంటే నమోదు సేద్యం చేసేవాళ్ళ పేరు మీదే అయ్యేది. పరిహారం నేరుగా వాళ్ళ ఖాతాలోకే వెళ్ళేది. దానికి పొలం యజమాని సంతకం కావాలి.

"అడిగామమ్మా. ఈయన నోరు తెరిచి అడిగిందే ఆ ఒక్కసారి. టీచరమ్మగారు 'చూద్దాం' అన్నారు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. చూశాం."

అక్క పోయిన తర్వాత ఆమె గురించి చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. ఆమె ఎవరెవరికి ఫీజులు కట్టిందో ఆ పిల్లల పేర్లు చెప్పారు. అవన్నీ నిజమే. ఇది కూడా నిజమే. ఆమె ఏటా తన ఫొటో తను దిగింది, సంతకం అడిగితే చూద్దామన్నది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. నేను ఆమె కంటే మంచి మనిషిని కాను.

అమృతలూరులో వ్యవసాయ అధికారిని కలిశాను. ఓపికగానే విన్నాడు.

"జాబితా మీద అభ్యంతరం చెప్పడానికి ఇంకా టైముందమ్మా. ఫొటో తప్పు చోట తీశారని మీరు రాసిస్తే మళ్ళీ తనిఖీకి వస్తాం. సాగు ఎవరు చేస్తున్నారు?"

నేను పాస్‌బుక్కు తీసి అతని ముందు పెట్టాను.

"అందరూ 'నేనే' అని రాస్తారు. మీరూ రాయొచ్చు. మీ ఖాతాలో డబ్బు పడుతుంది, మీరు కౌలుదారుకి ఇచ్చుకుంటారు. అది మీ ఇష్టం. కాకపోతే ఒక చిక్కుందమ్మా. నేనే సాగు చేస్తున్నాను, నా చేను నాకు తెలియక పక్క చేను చూపించాను అని ఒకే కాగితం మీద రాస్తే పైన ఎవరైనా నమ్ముతారా?"

నమ్మరు. నేనైనా నమ్మను. ఫొటో తప్పు అని చెప్పాలంటే పొలం తెలియదని ఒప్పుకోవాలి. పొలం తెలియదంటే సాగు నాది కాదని ఒప్పుకున్నట్టే. రెండోది దాచిపెట్టి మొదటిది చెప్పే దారి లేదు.

బయటికి వచ్చేసరికి సహాయకురాలు మెట్ల దగ్గర నిలబడి ఉంది. "మేడం, నాకు మెమో ఇస్తారేమో. మీరు రాసేటప్పుడు నా సంగతి..." అని ఆపేసింది. రెండుసార్లు అడిగావని రాస్తానని చెప్పాను.

ఆ సాయంత్రం చిన్నాన్న కొడుకు మా ఇంటికి వచ్చాడు. సంగం జాగర్లమూడిలో ఉంటాడు, గుమాస్తాగా రిటైరయ్యాడు. మా ఇంటి కాగితాల విషయంలో అక్క మొదట అడిగేది అతన్నే.

"సాగు నేనే అని రాయక్కా. కళ్ళు మసకలు, చేను పోల్చుకోలేకపోయాను అని రాయి."

"నా కళ్ళు బాగానే ఉన్నాయి."

"ఉంటే ఉండనీ. కాగితం మీద మసకలొస్తే నీకొచ్చే నష్టమేంటి? కౌలు కార్డు అంటూ ఇస్తే మాత్రం రేపు పొలమే నాదంటాడు."

"కార్డు పదకొండు నెలలకే తమ్ముడూ. భూమి మీద హక్కేమీ రాదని దాని మీదే రాసి ఉంది. నేను చట్టం కూడా చదివాను."

"చదివావులే. నీకు చదవడం తప్ప ఏం వచ్చని? పొలాలు పోగొట్టుకున్నోళ్ళందరికీ కూడా ఎవడో ఒకడు ఏదో చదివి వినిపించే ఉంటాడు." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మా నాన్న, పెదనాన్న ఆ గట్ల మీద కూలి అడుక్కున్నారక్కా. ఆ ఊళ్ళో మనవాళ్ళలో పొలం కొన్న మొదటి మనిషి పెద్దక్క. అది నీ చేతుల్లో పోతే నేను ఊరుకోను."

అతను చెప్పింది కొట్టిపారేయదగ్గ మాట కాదు. రెండు రోజులు దాన్నే మనసులో పెట్టుకుని తిరిగాను. ఒకవైపు అక్క జీతంతో కొన్న నేల ఉంది. పోతుందనే భయం నిజమైనదే, పోయే అవకాశం తక్కువైనా. మరోవైపు నా ఒక్క మాట వల్ల పంట డబ్బు పోయిన ఇల్లు ఉంది. మొదటిది జరగవచ్చు, జరగకపోవచ్చు. రెండోది జరిగిపోయింది. అలా విడదీసి చూసిన తర్వాత నిర్ణయం కష్టం కాలేదు. అమలే కష్టమయింది.

అర్జీ నాలుగుసార్లు రాశాను. మొదటిసారి "నా అక్క మరణించిన దుఃఖంలో ఉన్నందున" అని మొదలుపెట్టాను. కొట్టేశాను. దుఃఖం ఉన్నమాట నిజమే గాని, పక్క చేను చూపించడానికి అది కారణం కాదు. చివరికి మిగిలింది ఇంతే: "నేను ఈ పొలానికి యజమానిని. సాగు నేను చేయడం లేదు. పద్నాలుగు సంవత్సరాలుగా కౌలుదారు చేస్తున్నారు. పొలం ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా పక్క చేను చూపించాను. సహాయకురాలు రెండుసార్లు అడిగినా అదేనన్నాను. తప్పు నాది. పరిహారం సాగు చేసిన వారికి ఇప్పించగలరు." మండలంలో ఒక కాపీ ఇచ్చాను. జిల్లాలో కూడా ఇస్తే మంచిదని అధికారి అన్నాడు కాబట్టి సోమవారం అర్జీల రోజున బాపట్ల వెళ్ళాను. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసిన ఊరే. స్టేషను నుంచి కాలేజీకి పోయే రోడ్డు తప్ప మరో రోడ్డు నాకు తెలియదని ఆ రోజే గమనించాను. దారి అడుగుతూ వెళ్ళాను. ఈసారి అడగడానికి సిగ్గుపడలేదు.

తనిఖీకి వ్యవసాయ అధికారి, ఊరి రెవెన్యూ అధికారి కలిసి వచ్చారు. కౌలుదారు కూడా వచ్చాడు. పొలంలో నీరు లాగేసింది. వరి కంకుల మీద మొలకలు ఎండి ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు నలుగురైదుగురు చేరారు. రెవెన్యూ అధికారి అడిగాడు.

"ఈ చేను సాగు చేసేది ఎవరయ్యా?"

జవాబు అందరికీ తెలుసు. చెబితే మర్నాడు వాళ్ళ పొలాలు చేసేవాళ్ళ గురించి కూడా చెప్పాల్సి వస్తుంది. ఒకాయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, రాని కాల్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. కౌలుదారు అలవాటు కొద్దీ గట్టు చివరకు, అందరికీ దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. చివరకు నోరు తెరిచింది ఆ కోసిన పక్క చేను రైతే.

"అడిగేదేంటండీ ఇందులో. పద్నాలుగేళ్ళుగా ఈ గట్టు చెక్కావని నాతో తగువేసుకునేది ఇతనే. టీచరమ్మగారితో నేను ఒక్కరోజన్నా తగువు పడ్డానా? చేను చేసేవోడు గాకపోతే గట్టు కోసం ఎవడు తిడతాడండీ నన్ను?"

"నువ్వు చెక్కావు కాబట్టి తిట్టాడు" అన్నది కౌలుదారు భార్య.

"చూశారా. భార్య కూడా తిడుతోంది. రాసుకోండి సార్."

రాసుకున్నారు. తర్వాత కౌలు కార్డు దరఖాస్తు తీశారు. సీజను మధ్యలో అయినా అర్జీతో పాటు పైకి పంపుతామన్నారు. యజమాని సంతకం చోట నేను పెట్టాను. పెన్ను కౌలుదారుకు ఇవ్వబోతే అతను భార్య వైపు చూశాడు. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"ఒక్క మాటమ్మా. ఇది పెట్టాక వచ్చే ఏడు మమ్మల్ని పొమ్మంటారా? పక్కూళ్ళో అట్టాగే చేశారు. కార్డు రాసిచ్చారు, ఏడు తిరిగేతలికి వేరేవాళ్ళకి ఇచ్చుకున్నారు."

"పొమ్మనను."

"టీచరమ్మగారు కూడా బాగానే మాట్టాడేవారండి" అన్నది. నిష్ఠూరం లేకుండానే అన్నది. ఆపైన భర్త వైపు తిరిగి, "పెట్టు" అన్నది.

ఆ ఏడు నేను మక్తా అడగలేదు. అడగడానికి ఏమీ లేదు కూడా. అనుబంధ జాబితా సంక్రాంతి వెళ్ళిన చాలా రోజులకు వచ్చింది. మధ్యలో రెండుసార్లు కౌలుదారు చెరువుల దగ్గరకు వెళ్ళి పని చూసి వచ్చాడని అతని భార్య చెప్పింది. సహాయకురాలికి మెమో రాలేదు. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"పడ్డాయమ్మా. ఈయన పేరునే పడ్డాయి. మెసేజీ చదవడం రాక పాస్టరుగారికి చూపించాం."

"సరిపోతాయా?"

"ఎక్కడ సరిపోతాయమ్మా. ఎరువుల కొట్టాయనకి సగం కట్టాం. ఏదో, పడ్డాయి."

"మరి చెరువులు?"

"ఆయన్నే అడగండి. నాకు చెప్పి చావడు."

నేను అడగలేదు. ఎండలు ముదిరిన తర్వాత అతనే వచ్చాడు. వసారాలో కుర్చీ చూపించాను. మజ్జిగ ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. చెరువులకు వెళుతున్నానని చెప్పడానికి వచ్చాడనుకున్నాను.

"చెరువులవాళ్ళు మళ్ళా కబురు పెట్టారండి."

"ఏమన్నారు మీరు?"

"ఇంకా ఏం అనలేదండి." తుండుతో మెడ తుడుచుకున్నాడు. "చేనైతే చేస్తానండి. ఇరవై బస్తాలంటే మాత్రం చేయలేను. పదహారు."

పద్నాలుగేళ్ళలో అతను అంకె చెప్పడం అదే మొదటిసారి. అంకె అక్క చెప్పేది, అతను తల ఊపేవాడు.

"పద్దెనిమిది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. బేరం అంటే మధ్యలో ఒక అంకె చెప్పాలనుకున్నాను.

"పదహారేనండి. కాలవ చివరి చేను గదా. పైవాళ్ళకి తడిసి మిగిలితేనే మాకు నీళ్ళు. వానొస్తే అందరి నీళ్ళూ మా మీదకే. ఈ సంగతి టీచరమ్మగారికి కూడా చెప్పలేదు నేను. చెప్పి ప్రయోజనం లేదనుకున్నా."

"నాకు తెలియదు."

"తెలవదని మీరు కాగితం మీద రాశారు గదండి. అందుకే చెబుతున్నా."

పదహారుకు ఒప్పుకున్నాను. అతను సంచిలోంచి కొత్త సీజను కౌలు కార్డు దరఖాస్తు తీశాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, అతని పేరు అన్నీ ముందే నింపుకుని వచ్చాడు. సంతకం పెట్టి ఇచ్చాను. మడతపెట్టి లోపలి జేబులో పెట్టుకుని, వచ్చే వారం దుక్కి మొదలుపెడతానని చెప్పి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను.

"అంటే నాలుగు బస్తాలు పోయాయన్నమాట."

"పోయాయి."

"నేను చెప్పానా లేదా?"

"చెప్పావు."

"పొలం సంగతేంటి మరి?"

"అతనే చేస్తున్నాడు" అన్నాను.